ఐదు డిగ్రీల చీటీ

నవంబర్ 4, మంగళవారం

ఈరోజు మధ్యాహ్నం మిషను మీద కవరు కప్పి, కత్తెర డ్రాయరులో పెట్టి, కొట్టు మెట్లు దిగి వచ్చేశాను. కోపంతో కాదు. కోపం వస్తే నేను కత్తెర విసిరేస్తాను. డ్రాయరులో పెట్టానంటే అది ఆలోచించి చేసిన పనే.

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి. రేపు ఎవరైనా ఇంకోలా చెబితే నాకే అనుమానం రాకూడదు.

కొండలెక్కే క్లబ్బువాళ్లు అరవై అడుగుబొంతలకు ఆర్డరిచ్చారు. గుడ్డ ఊయల కింద, బయటివైపు వేలాడదీసే బొంతలు. డిసెంబరు శిబిరంలో అరవైమంది చెట్ల మధ్య ఊయలలు కట్టుకుని పడుకుంటారు. బొంతకు కుట్టే చీటీ మీద ఏం ఉండాలో కొట్టు యజమాని, మా అక్క మొగుడు, బావ ముందే అచ్చు వేయించాడు: 'ఐదు డిగ్రీల చలి వరకు వెచ్చన.'

ఇరవై రెండు బొంతలు అప్పటికే అయిపోయాయి. నేను సంచుల పనిలో ఉండి చూడలేదు. ఇవాళ చూశాను. పైగుడ్డ నుంచి అడుగుగుడ్డ దాకా దూది మీదుగా అడ్డంగా ఆరు కుట్లు లాగేశాడు.

"బావా, ఇలా కుట్టేస్తే కుట్టు పడ్డచోట దూదే ఉండదు. రెండు గుడ్డలూ అతుక్కుపోతాయి. చలి అక్కడినుంచే తగులుతుంది. లోపల పట్టీలు నిలబెట్టి గదులు గదులుగా కుడదాం" అన్నాను.

"బొంతకి ఒక పూట పని పెరుగుతుంది."

"పెరగనివ్వండి. లేదంటే చీటీ మీద పది అని వేయండి."

"అవతలి కొట్టువాళ్లు ఐదు అని వేస్తున్నారు. మనం పది అంటే ఎవడు కొంటాడు?"

"వాళ్లు గోతిలో దూకితే మనమూ దూకుదామా?"

అప్పుడు బావ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు, "సూదిపిల్లా, నువ్వెప్పుడైనా ఊయల్లో పడుకున్నావా? ఒక్క రాత్రయినా?"

అందరూ నవ్వారు.

వచ్చేటప్పుడు ఒక ఊయల, ఆ ఇరవై రెండింటిలో ఒక బొంత తెచ్చుకున్నాను. దొంగతనం కాదు. పరీక్ష.


నవంబర్ 5

కొట్టునుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. మంచిదే.


నవంబర్ 6, గురువారం

పైఅంతస్తు వరండాలో రెండు స్తంభాల మధ్య ఊయల కట్టాను. కింద ఏమీ కట్టకుండా, మంచి దళసరి స్లీపింగ్ బ్యాగులో దూరి పడుకున్నాను. పావుగంటలో పైన వెచ్చగా, కింద మంచుగడ్డ మీద కూర్చున్నట్టు అయింది. ఎందుకో ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది. ఒంటి బరువుకి బ్యాగులో కిందివైపు దూది అంతా నలిగి అప్పడమైపోతుంది. నేల మీదయితే కింద నేలైనా ఉంటుంది. ఇక్కడ కింద ఉన్నది గాలి, అదీ కదిలే గాలి. అందుకే బొంత ఊయల బయట కట్టాలి, మన బరువు దాని మీద పడకూడదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకి ఏదైనా తొందరగానే పట్టుబడుతుంది.

మా ఆయన సాయంత్రం వచ్చి చూశాడు. ఆయన పని శీతల గిడ్డంగిలో, మెషిన్ల రిపేరు. చలికోటు విప్పుతూ అన్నాడు, "రోజంతా చలిలో చచ్చి ఒళ్లు కాచుకుందామని ఇంటికొస్తే, ఇల్లాలు చలిని వెతుక్కుంటూ వరండాలో వేలాడుతోంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే."

"శనివారం కొండమీద శిబిరం వేసే చోటికి వెళ్తున్నాను. మీ గిడ్డంగి థర్మామీటర్ ఒకటి కావాలి."

"ఒక్కదానివే?"

"అక్కడ కాపలామనిషి ఉంటుందట. ఆడమనిషే. గదీ పొయ్యీ ఉన్నాయట."

నా సంగతి ఆయనకు తెలుసు. థర్మామీటర్ ఇస్తూ ఒక్కమాట మాత్రం చెప్పాడు: "చలి లోపలికి రాదు, గుర్తుపెట్టుకో. మన వేడే బయటికి పోతుంది. ఎక్కడినుంచి పోతోందో చూడు."

అది నాకు తెలియనిదా?


నవంబర్ 9, ఆదివారం, పొద్దున్నే, కాపలామనిషి గదిలో

గెలిచాను.

వేళ్లు ఇంకా సరిగ్గా వంగడం లేదు, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. తొమ్మిది డిగ్రీలు. ఐదు కాదు, తొమ్మిది! తొమ్మిదికే నా నడుము కొయ్యబారిపోయింది. కాపలామనిషి చెప్పినవన్నీ చేశాను. లోతట్టులో కట్టలేదు, చల్లగాలి నీళ్లలాగా పల్లానికి దిగి అక్కడే నిలుస్తుందట. టార్పాలిన్ బాగా కిందికి దించి గాలివైపు మూశాను. ఊయలలో ఏటవాలుగా పడుకున్నాను. పొడి మేజోళ్లు, చెవుల టోపీ. పడుకోబోయే ముందు కడుపునిండా తిన్నాను, ఖాళీ కడుపుకి ఒళ్లు వేడెక్కదు. వేడినీళ్ల సీసా తొడల మధ్య పెట్టుకున్నాను. ముసుగు మాత్రం తన్నలేదు, ఊపిరి తేమకి బొంత తడుస్తుందని. ఇన్ని చేసినా కింద చల్లగా గాలి. రెండు గంటలు పళ్లు బిగబట్టి, ఇక లాభం లేదని ఈ గదికి వచ్చి తలుపు తట్టాను.

"ఏమ్మా, అంత చలిగా ఉంటే నవ్వుతున్నారేంటి?" అంది కాపలామనిషి.

"నేను చెప్పిందే నిజమైందమ్మా" అన్నాను.

ఆవిడ నా వైపు అదోలా చూసి పొయ్యిలో ఇంకో కట్టె వేసింది.


అదే రోజు, సాయంత్రం

ఇంటికి రాగానే క్లబ్బు సెక్రటరీ మేడమ్‌కి ఫోన్ చేశాను. బొంతలు తొమ్మిది డిగ్రీలకే పనికిరావని చెప్పాను. స్వయంగా పడుకుని చూశానని చెప్పాను. ఇది ఫిర్యాదు కాదు. అరవైమంది ప్రాణాల సంగతి. ఆవిడ మూడుసార్లు థ్యాంక్స్ చెప్పింది.

మా ఆయన విని, "బావకి చెప్పావా ముందు?" అన్నాడు.

బావకి మంగళవారమే చెప్పానుగా.


నవంబర్ 10, సోమవారం

ఆర్డరు ఆపేశారట. అక్క ఫోన్.

"ఏమే, ఎవరితో ఏం వాగావే?"

"వాగలేదు. నిజం చెప్పాను."

"నిజమైతే ఇంట్లో చెప్పాలి. వీధిలో టముకు వేస్తారా?"

"ఇంట్లో చెబితే నవ్వారుగా."

"నవ్వింది పనివాళ్లు. మీ బావ నవ్వలేదు. నేను గుమ్మంలోనే ఉన్నాను, చూశాను." గొంతు తగ్గించింది. "పనివాళ్లని వారంపాటు రావద్దన్నాడు. రాత్రి భోజనం దగ్గర కూర్చుని లేచిపోయాడు. నువ్వు అన్నావని కూడా ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండు."

ఫోన్ పెట్టేశాక నాలుగో తేదీ పేజీ తిప్పి చూశాను. 'అందరూ నవ్వారు' అని ఉంది. రాసింది నేనే కదా మరి. నేనెందుకు అబద్ధం రాసుకుంటాను?


నవంబర్ 11

రాత్రి బాగా నిద్రపట్టింది. పొద్దున లేచేసరికి బట్టల అల్మారా, గిన్నెల అలమర, మందుల పెట్టె అన్నీ సర్ది ఉన్నాయి. సర్దింది నేనే.


నవంబర్ 13, గురువారం

సొంతంగా బొంత కుట్టడం మొదలుపెట్టాను. గదుల బొంత. రెండు గుడ్డల మధ్య రెండంగుళాల పట్టీలు నిలువుగా గోడల్లా నిలబెట్టి, ఒక్కో గదిలోకి దూది కూరాలి. ఎక్కడా పైగుడ్డ అడుగుగుడ్డకి తగలకూడదు. కళ్లు కాయలు కాచే పని. పట్టీ అంచు వెంట్రుకవాసి తప్పినా గది వంకర పోతుంది. రెండు పూటలు పట్టింది. అందంగా వచ్చింది. చెప్పుకోకూడదు గానీ, ఈ ఊళ్లో ఇలా కుట్టేవాళ్లు ఇంకొకరు లేరు. ఉంటే బావ ఒక్కడే ఉండాలి, నేర్పింది ఆయనే కాబట్టి.

సాయంత్రం మా ఆయన ఒక పనికిమాలిన పని చేశాడు. కొట్టు బొంతని, ఊయలని మళ్లీ వరండాలో కట్టమన్నాడు. "ఆ రాత్రి ఎలా కట్టావో అలాగే కట్టు" అన్నాడు. కట్టాను. పడుకోమన్నాడు. పడుకున్నాను. ఆయన కింద కూర్చుని, టార్చి వేసి, నా వీపు కిందినుంచి చెయ్యి పోనిచ్చాడు. మోచేతి దాకా వెళ్లింది.

"ఇదేంటి? పిల్లి దూరి పిల్లల్ని పెట్టేంత సందుంది."

"బిగించి కడితే దూది నలుగుతుంది."

"నలిగేలా బిగించమని ఎవరన్నారు? ఒంటికి తగిలీ తగలనట్టు ఉండాలి. ఇంత సందుంటే నీ వేడంతా ఇటునుంచి ఇటు వెళ్లిపోయి ఉంటుంది. మా గిడ్డంగి తలుపు ఇంత తెరిచి పెడితే నా ఉద్యోగం ఊడిపోతుంది."

అది వేరే సంగతి అన్నాను. కుట్లు తప్పు కుట్లే అన్నాను.

"కుట్లు తప్పయితే కావచ్చు. కానీ ఆ రాత్రి నీకు చలేసింది కుట్లవల్ల కాదు." టార్చి ఆపాడు. "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనకు."


నవంబర్ 14

సందు సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేను మళ్లీ చూస్తాను. చూస్తే అదే తేలుతుంది.


నవంబర్ 16, ఆదివారం, పొద్దున, కొండమీద

కొట్టు బొంతని సరిగ్గా కట్టాను. రెండు చివర్లా ఎలాస్టిక్ తాడు ముందు వదులుగా కట్టి, ఊయల్లో పడుకుని, వీపు కింద చెయ్యి పెట్టి చూసుకుని, లేచి కొంచెం బిగించి, మళ్లీ పడుకుని చూసుకుని. ఇలా నాలుగుసార్లు. నాలుగోసారి అరచెయ్యి మాత్రం పట్టింది. కాపలామనిషి దూరంనుంచి చూస్తూ, "అమ్మా, ఎక్కడానికా దిగడానికా?" అని అడిగింది.

పడుకునేసరికి పది డిగ్రీలు.

కన్ను మూసింది గుర్తులేదు. ఒకసారి మెలకువ వచ్చి థర్మామీటర్ చూస్తే ఎనిమిది. వీపు కింద పొద్దుటి ఎండకి కాగిన గోడకి ఆనుకున్నట్టుంది. ఎక్కడా చలి లేదు. ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. అటు దొర్లాను, ఇటు దొర్లాను. వెచ్చగా ఉందని ఏడుపొచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తెల్లవారుజామున మళ్లీ మెలకువ వచ్చింది. ఈసారి చలికే. ఆరు. వీపు మీద అడ్డంగా ఆరుచోట్ల ఎవరో తడివేలితో గీసినట్టు సన్నటి చలి. సరిగ్గా కుట్లు ఉన్నచోటే. లెక్కపెట్టుకున్నాను. మధ్యలో వెచ్చగానే ఉంది, గీతలు మాత్రం చల్లగా. ఐదుకి దిగేసరికి పడుకోలేకపోయాను, లేచి కూర్చున్నాను.

అంటే బావ అచ్చు వేయించిన ఐదు తప్పు. నేను చెప్పిన తొమ్మిదీ తప్పే. ఎనిమిది దాకా అది మంచి బొంత. చాలా మంచి బొంత.

ఇందులో సంతోషించాల్సింది ఏదో ఉండాలి. కుట్ల సంగతి నేను చెప్పినట్టే తేలిందిగా. ఇప్పటికి గంటనుంచి ఆ సంతోషం కోసం చూస్తున్నాను.


నవంబర్ 17, సోమవారం

నిన్న రాత్రి కూడా ఉండిపోయాను, నా గదుల బొంతతో. ఐదుకి దిగింది. చలి తగల్లేదు. పని మాత్రం పనే, దానికి అబద్ధం తెలియదు.

బావ ఫోన్ ఎత్తలేదు.

నేను చేయలేదు.


నవంబర్ 18, మంగళవారం

వెళ్లాను.

కొట్టు తలుపు సగమే తీసి ఉంది. బావ ఒక్కడే. బల్ల మీద బొంతలు ఒకదానిమీద ఒకటి పేర్చి, కిటికీ దగ్గర కూర్చుని, ఐదు డిగ్రీల చీటీలు ఊడదీస్తున్నాడు. చీటీని కంటికి ఇంత దగ్గరగా పెట్టుకుని, వేలితో కుట్టు వెతుక్కుంటూ బ్లేడుతో కోస్తున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు.

అమ్మ పోయాక అక్క వెంట ఆ ఇంటికి వెళ్లేటప్పటికి నాకు పన్నెండేళ్లు. మిషనుకి కాలు అందకపోతే పెడలు మీద చెక్క బిగించి ఇచ్చిన మనిషి ఆయన. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తెలియదు. నిలబడే చెప్పేశాను.

"బావా, మొదటి రాత్రి నేను కట్టడం తప్పు కట్టాను. మధ్యలో సందు వదిలేశాను. చలి దానివల్ల వచ్చింది. సరిగ్గా కడితే మీ బొంత ఎనిమిది దాకా బాగుంది. కిందికి దిగితే కుట్లదగ్గర చలి. అది మాత్రం నేను చెప్పినట్టే."

చివరి మాట అనకుండా ఉండాల్సింది.

బావ బ్లేడు కింద పెట్టాడు. "సందు అని ఎప్పుడు తెలిసింది?"

"గురువారం."

"ఇవాళ మంగళవారం."

నేను బల్ల కింద రాలిన చీటీలు ఏరడం మొదలుపెట్టాను.

"బొంత పనికిరాదని ఎంతమందికి చెప్పావు?"

"ఒక్కరికే. సెక్రటరీ మేడమ్‌కి."

"నాకున్నది ఆ ఒక్కరే" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే నాకు జవాబు ఉండేది.

మళ్లీ బ్లేడు తీసుకుని, "ఇప్పుడైనా సరిగ్గా కట్టావని నమ్మకమేంటి? అప్పుడూ ఇంత నమ్మకంగానే చెప్పి ఉంటావు" అన్నాడు.

"అయితే మీరే వచ్చి పడుకోండి."

"నా మోకాళ్లు ఆ కొండ ఎక్కవు."

"నేనొస్తాను."

వెనక అక్క. సెప్టెంబరు రాగానే స్వెట్టర్ వేసుకుని జూన్‌లో విప్పే మనిషి. ఫ్యాను రెండు మీద తిరిగితే జలుబు చేసే మనిషి. చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వా?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"నేనే. నాకు చలి లేదంటే ఇంక లోకంలో ఎవరికీ ఉండదు. మీ ఇద్దరి మాటా నమ్మక్కర్లేదు అప్పుడు."


నవంబర్ 19

సెక్రటరీ మేడమ్‌కి ఫోన్ చేశాను. తప్పు నాదని చెప్పాను. ఈసారి థ్యాంక్స్ చెప్పలేదు.

"ఇప్పుడు మీ మాటల్లో ఏది నమ్మమంటారు?" అంది.

"నమ్మొద్దు మేడమ్. శనివారం మీరే రండి. థర్మామీటర్ కూడా మీదే తెచ్చుకోండి."

వస్తానంది. ఫోన్ పెట్టాక చెవులు కాలిపోతున్నాయి. ఏ టోపీ లేకుండానే.


నవంబర్ 23, ఆదివారం

బాగా రాయాలి ఇవాళ. తొందర లేదు.

అక్క మూడు సంచులతో వచ్చింది. రెండు శాలువాలు, నాలుగు జతల మేజోళ్లు, తన దిండు, తలనొప్పి మందు, ఇంకా ఎందుకో గొడుగు. బస్సు దిగి కొండ దారి చూసి, "పిచ్చి నీకు, తిప్పలు నాకు" అంది. దారంతా తిట్టింది. పైకి వచ్చాక చెట్లు చూసి నోరు మూసుకుంది.

మేడమ్ మాకంటే ముందే వచ్చింది. సన్నగా, పొట్టిగా, తక్కువ మాట్లాడే మనిషి. ఆవిడకి నా గదుల బొంత కట్టాను. అక్కకీ నాకూ కొట్టు బొంతలు. అక్కని ఊయల్లోకి ఎక్కించడం ఒక పెద్ద ప్రాజెక్టు. అటు ఎక్కి ఇటు దిగింది, రెండుసార్లు. మూడోసారి పడుకుని, "కదలకు, కదిలితే చస్తాను" అంది, నేనేదో కదులుతున్నట్టు. వీపు కింద చెయ్యి పెట్టి బొంత సరిచేశాను. ఏటవాలుగా పడుకోమన్నాను. పడుకోగానే నడుము తిన్నగా అయింది, ముఖం మారింది.

"అదేంటే, మంచంలాగే ఉంది."

మేడమ్ తన చోట దీపం ఆర్పేసింది. మేం ఇద్దరం పక్కపక్క చెట్ల మధ్య, మధ్యలో టార్పాలిన్ అంచు. అక్క మెల్లగా అంది:

"ఆయన గదులు ఎందుకు కుట్టలేదో తెలుసా నీకు?"

"టైము పడుతుందని."

"టైమా? ఏడాదినుంచి పట్టీ అంచు కనబడటం లేదే ఆయనకి. శుక్లాలు. తిన్నటి కుట్టయితే చేత్తో తడిమి లాగేస్తున్నాడు. గోడలు కుట్టాలంటే కన్ను కావాలి. నీకు చెబితే పని నీమీద పడుతుందని, కొట్టు చేతకాని వాడిది అయిపోతుందని, ఎవరికీ చెప్పొద్దన్నాడు. డాక్టరు దగ్గరికి రమ్మంటే ఈ ఆర్డరు అయ్యాక అంటాడు. అందుకే ఈ ఆర్డరు అంత గట్టిగా పట్టుకున్నాడు. ఐదు అని వేసింది తప్పే. కాదనను."

నేను రోజూ ఆయన ఎదురుగా కూర్చుంటాను. మిషనుకి మిషనుకి మధ్య మూడు అడుగులు. దారం ఎక్కించడానికి సూది నాకిచ్చేవాడు, "నీ పేరే సూదిపిల్ల కదా" అని. చీటీని ముక్కుకి ఆనించుకుని చూడటం మొన్ననే కళ్లారా చూశాను, ఈ పుస్తకంలో రాశాను కూడా. రాసి, ముందుకు వెళ్లిపోయాను. అరవైమంది వీపుల గురించి ఆలోచించిన మనిషిని.

"నాకు చెప్పాల్సింది అక్కా" అన్నాను.

"చెబితే ఏం చేసేదానివి?"

గదులు నేనే కుట్టేదాన్ని. అంతే కదా. అంత చిన్న సంగతి.

జవాబు చెప్పేలోపు అక్క గురక వినిపించింది.

రాత్రంతా ఏడు డిగ్రీల దగ్గర నిలిచింది. అంతకంటే దిగలేదు. పొద్దున మేడమ్ తన థర్మామీటర్ రాసుకుని, తన బొంత కింద చెయ్యి పెట్టి చూసి, నా బొంత కింద చూసి, అక్క దగ్గరికి వెళ్లింది. అక్క ఇంకా నిద్రలోనే ఉంది. శాలువాలు రెండూ కింద పడి ఉన్నాయి. ఎండ ముఖం మీద పడుతోంది. నేను లేపబోతే మేడమ్ వద్దని చెయ్యి ఊపింది. పొయ్యి దగ్గర కూర్చుని ఎదురుచూశాం. కాపలామనిషి వేడినీళ్లు ఇచ్చింది. చివరికి అక్క లేచి, దిగబోయి, ఎటు దిగాలో తెలియక, "ఎవరైనా రండమ్మా!" అని కేక పెట్టింది.

"చలేసిందా అండీ?" అని అడిగింది మేడమ్.

అక్క ఆలోచించింది. "ఒక పక్క చెమట పట్టింది" అంది, నేరం ఒప్పుకుంటున్నట్టు.

మేడమ్ నవ్వడం అప్పుడే చూశాను. తర్వాత పని మాట్లాడింది. కొత్తగా చేరినవాళ్లని శిబిరంలో కొండ దిగువ ఊరి మైదానంలోనే పడుకోబెడతారట, అక్కడ పదికి తగ్గదు. వాళ్లకి ఆ ఇరవై రెండూ సరిపోతాయి, చీటీ మీద ఎనిమిది అని ఉండాలి. పైన పడుకునే ముప్పై ఎనిమిది మందికి గదుల బొంతలు, ఐదు డిగ్రీలవి. డిసెంబరు పదిహేనులోపు.

"ఇంకోమాట," అంది. "మీరు మొదటి రాత్రి సందు వదిలి కట్టారన్నారే, మావాళ్లూ అదే చేస్తారు. ఎలా కట్టాలో ఒక కాగితం రాసి ప్రతి బొంతతోనూ ఇవ్వండి. మీకంటే బాగా ఎవరు రాస్తారు?"

ఎగతాళి అనుకున్నాను. కాదు, నిజంగానే అంది.


నవంబర్ 24, సోమవారం

మిషను మీద కవరు తీశాను. బావ ఏమీ అడగలేదు. నేనూ కళ్ల సంగతి ఎత్తలేదు.

"పట్టీలు నేను కుడతాను బావా. గదుల్లోకి దూది కూరడం మీరు చూడాలి. ఏ గదిలో ఎంత పట్టిందో చేతికి తెలియాలి. నాకంత చెయ్యి లేదు."

ఇది అబద్ధం కాదు. దూది విషయంలో ఆయన చేతికి సాటి లేదు. అయినా ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. ఎంత కనబడిందో తెలియదు గానీ, అర్థమైంది.

"మీ అక్కకి నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడు.

"అవును" అన్నాను.

దూది బస్తా తన వైపు లాక్కున్నాడు. దూది పీకుతూ, "చీటీ మీద ఐదు వేయకుండా ఉండాల్సింది" అన్నాడు. నాకు కాదు, దూదికి చెప్పినట్టు.

"నేను ఫోన్ చేయకుండా ఉండాల్సింది" అన్నాను, పట్టీకి.

శుక్రవారం కంటి డాక్టరు. తోడు నేను వెళ్తున్నాను. ఆర్డరు అయ్యాక అన్నాడు. ఆర్డరు అవ్వాలంటే ముందు వెళ్లాలి అన్నాను. ఈ ఒక్క విషయంలో నేను చెప్పిందే నెగ్గింది. ఈసారి సంతోషం వెతుక్కోకుండానే వచ్చింది.


నవంబర్ 27, గురువారం

పదకొండు గదుల బొంతలు పూర్తి. పనివాళ్లు మళ్లీ వస్తున్నారు. కట్టే విధానం కాగితం నాలుగుసార్లు రాశాను. మొదటిసారి రెండు పేజీలు వచ్చింది. మా ఆయన చదివి, "ఇందులో సగం నిన్ను నువ్వు సమర్థించుకున్నావు, తీసెయ్" అన్నాడు. తీసేస్తే అరపేజీ మిగిలింది. అదే అచ్చుకి ఇచ్చాం.

మధ్యాహ్నం బావ అన్నాడు, "చీటీ మీద నా కొట్టు పేరుంది. నేనూ ఒకసారి పడుకుని చూడాలిగా."

కొట్టులో రెండు ఇనప స్తంభాల మధ్య ఊయల కట్టాను, కింద కొత్త బొంత. మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుని, పడుకుని, ఏటవాలుగా జరిగాడు. కళ్లజోడు తీసి నా చేతికిచ్చాడు. "కింద వెచ్చగా ఉంది" అన్నాడు. ఇంకో మాట కూడా అనబోయాడు గానీ, అది సగంలో ఆగిపోయింది. నిద్రపోయాడు.

పదిహేను రోజులుగా ఆయన సరిగ్గా పడుకోలేదని అక్క చెప్పింది. పనివాళ్లు చప్పుడు చేయకుండా భోజనానికి వెళ్లారు. నేను మిషను తొక్కుతూనే ఉన్నాను, పన్నెండో బొంత మూడో గోడ. ఒక నిమిషం అయ్యాక అనిపించింది, ఈ చప్పుడుకి లేస్తాడేమోనని. కాలు తీసేశాను. చేతి సూదికి దారం ఎక్కించి, మిగతాది చేత్తో కుట్టడం మొదలుపెట్టాను.

రెండు కుట్లు కూడా పడలేదు. బావ కళ్లు తెరిచాడు.

"ఏమైంది? మిషను ఆపేశావేం?"

"మీరు నిద్రపోతున్నారని."

"అది నడుస్తుంటేనే కదా పట్టింది" అన్నాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు. "కుట్టు."

కుట్టాను.